మన మోరీ నీళ్లకు లెక్క అడుగుదాం!

కాగజ్‌నగర్ పట్టణ ప్రజలారా! మిల్లు కార్మికులారా! వాగు ఒడ్డు రైతులారా! అక్కలారా, అన్నలారా!

పొద్దున లేచి నల్లా తిప్పుతాం. బియ్యం కడుగుతాం, పిల్లలకు స్నానాలు పోస్తాం, గిన్నెలు తోముతాం, బట్టలు పిండుతాం. ఆ నీళ్లు ఇంటి ముందు మోరీలో పడ్డాక మనం మళ్లీ వాటి మొహం చూడం. అవి మాత్రం ఎక్కడికీ మాయమైపోవు. గల్లీ మోరీ నుంచి పెద్ద మోరీకి, అక్కడి నుంచి ఊరి దిగువ కుంటలకు, పల్లపు చేన్లకు, చివరికి పెద్దవాగుకు చేరతాయి. అదే పెద్దవాగు మీద మన మిల్లు బతికింది, మన ఊరు బతికింది. వాగులో ఏం కలుపుతున్నామో అడిగే హక్కు, జవాబు చెప్పించే బాధ్యత రెండూ మనవే.

ముందు లెక్క చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో మన పట్టణ జనం 57 వేల పైచిలుకు. ఆ తర్వాత పెరిగినవాళ్లను పక్కన పెట్టి ఆ పాత లెక్కే తీసుకుందాం. భూగర్భ డ్రైనేజీ లేని పట్టణాల్లో మనిషికి రోజుకు 70 లీటర్ల నీరు ఇవ్వాలని కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ ప్రమాణం. ఇచ్చిన నీటిలో 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్లు లెక్కగడతారు. గుణించి చూడండి: రోజుకు 32 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 640 నింపొచ్చు. ఎండకాలం ఒక్క ట్యాంకర్ కోసం బస్తీలో బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్లకు ఆ సంఖ్య ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు. అన్ని నీళ్లు రోజూ మన కళ్ల ముందే దోమలను పెంచుకుంటూ వాగులోకి పోతున్నాయి.

మన అడవుల్లో వానలకు కొదవ లేదు, నిజమే. కానీ ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాగు దగ్గర నిలబడి చూసినవాళ్లు చెప్పాలి. వానకాలం వంతెనల దాకా ఉరికే వాగు, ఎండలు ముదిరితే ఇసుక మేటల మధ్య సన్నని పాయ అయిపోతుంది. పారే నీరు తగ్గిన రోజుల్లో అందులో మురుగు పాలు పెరుగుతుంది. మోరీకి ఎండకాలం లేదు, వానకాలం లేదు. ఏడాది పొడవునా రోజూ ఒకే లెక్కన పారే నీరు మన ఊరిలో అదొక్కటే. దాన్ని శుద్ధి చేసి వాడుకోవడం మొదలుపెడితే, మనం వాగు నుంచి అంత నీరు తోడే పని తప్పుతుంది.

ఈ నీళ్లకు ధర ఉంది

మురుగునీటిని ఎవరు కొంటారని అడుగుతారు. మన స్టేషన్‌లో రైలెక్కి బల్లార్షా దాటి పోతే నాగపూర్ వస్తుంది. మనలో చాలామంది దవాఖానకు, సంత్రాలకు, పెళ్లి బట్టలకు పోయే ఊరే. నాగపూర్ మున్సిపల్ కార్పొరేషన్ 2008లో మహారాష్ట్ర విద్యుత్ ఉత్పత్తి సంస్థతో ఒప్పందానికి వచ్చింది. ఊరి మురుగు భాండేవాడి దగ్గర శుద్ధి అయి, పైపుల్లో కోరాడి థర్మల్ కేంద్రానికి పోతుంది. ఆ శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 13 కోట్ల లీటర్లు. రోజుకు 11 కోట్ల లీటర్ల మురుగు ఇచ్చినందుకు కార్పొరేషన్‌కు ఏటా 15 కోట్ల రూపాయలు చెల్లించాలన్నది ఒప్పందం. లెక్క చేస్తే వెయ్యి లీటర్లకు దాదాపు 3 రూపాయల 70 పైసలు. ఇది శుద్ధి చేయని నీటి ధర! శుద్ధి చేసే ఖర్చు కొనేవాడిదే. నిర్మాణానికి కేంద్రం నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద సాయం చేసింది. బొగ్గు కేంద్రానికి పోయే నదుల నీరు ఆ మేరకు మిగిలింది, ఊరికి పైసలు వచ్చాయి, మురుగు వాగులో పడే బెడదా తగ్గింది.

సూరత్‌లో 2014 నుంచి శుద్ధి చేసిన మురుగునీరు రోజుకు 4 కోట్ల లీటర్లు పాండేసర పారిశ్రామికవాడలోని బట్టల మిల్లులకు పోతోంది. చెన్నైలో కొడుంగైయూర్, కోయంబేడు కేంద్రాల్లో రెండింటా కలిపి రోజుకు 9 కోట్ల లీటర్లు ఫ్యాక్టరీల కోసమే తయారవుతోంది. బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రాలు 50 కిలోమీటర్లలోపు మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంటే ఆ నీటినే వాడాలని 2016 జనవరిలో కేంద్రం విద్యుత్ టారిఫ్ విధానంలోనే రాసింది. జైపూర్‌లో సింగరేణి 1,200 మెగావాట్ల కేంద్రం నడుపుతోంది. దాని పక్కనే ఉన్న మంచిర్యాల పట్టణం ఈ మాట గట్టిగా అడగాలి.

ఇంకో సంగతి చెబితే మనకు కోపం రావాలి. చండీగఢ్‌లో శుద్ధి చేసిన మురుగునీటికి ప్రత్యేకంగా వేరే పైపులున్నాయి. పార్కులతో పాటు అక్కడి గోల్ఫ్ మైదానం గడ్డి ఆ నీటితోనే పచ్చగా ఉంటోంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అనే ఊరు 1977లోనే రెండో పైపు వేయడం మొదలుపెట్టి, గోల్ఫ్ మైదానాలకు, ఇళ్ల పచ్చికకు ఇదే నీరు ఇస్తూ వచ్చింది. పద్దెనిమిది గుంతల గోల్ఫ్ మైదానం అంటే నూరు, నూటయాభై ఎకరాల గడ్డి. ఆ ఆట ఆడుకునేవాళ్ల మీద మాకు కోపం లేదు. మంచినీరు వాడకుండా మురుగును బాగుచేసుకున్నందుకు వాళ్లను మెచ్చుకుంటాం కూడా. కానీ మన 32 లక్షల లీటర్లు కూడా దాదాపు అంతే భూమికి సరిపోతాయి! రోజుకు 5 మిల్లీమీటర్ల తడి లెక్కన ఎకరాకు 20 వేల లీటర్లు చాలు. అంటే 160 ఎకరాలు. బంతాట గడ్డికి పనికొచ్చే నీరు మన కాగితపు చెట్లకు, పశువుల మేతకు, మిల్లుకు ఎందుకు పనికిరాదు? పనికిరావడానికి శుద్ధి కావాలి, శుద్ధికి పైసలు కావాలి. మన పోరాటం ఆ రెండింటి కోసమే.

శుద్ధి లేకపోతే విషమే

మోరీ నీళ్లు ఇప్పుడే చేనుకు పారించుకుంటున్నాం కదా, కొత్తగా ఏం కావాలి అనే అన్నలకు ఒక మాట. హైదరాబాద్ కింద మూసీ ఒడ్డున దశాబ్దాలుగా ఆ మురుగుతోనే పశుగ్రాసం, వరి పండించారు. అందులో నత్రజని, భాస్వరం ఉంటాయి కాబట్టి ఎరువు ఖర్చు తగ్గుతుంది, నిజమే. యూరియా బస్తా కోసం తెల్లవారుజామున చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ రైతుకు అది చిన్న సంగతి కాదు. కానీ ఆ నీళ్లలో దిగి పనిచేసేవాళ్ల కాళ్లకు దురదలు, కడుపులో నులిపురుగులు వస్తాయి. పచ్చిగా తినే కొత్తిమీరతో, టమాటాతో విరేచనాల రోగం మన పళ్లెంలోకి వస్తుంది. పచ్చిగా తినే పంటలకు పారించే నీటిలో 100 మిల్లీలీటర్లకు మలసంబంధ సూక్ష్మజీవులు వెయ్యికి మించరాదని, లీటరుకు ఒక్క నులిపురుగు గుడ్డుకు మించి ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే చెప్పింది. పచ్చి మురుగులో ఆ సూక్ష్మజీవులు లక్షల్లో, కోట్లలో ఉంటాయి.

ఈస్గాం, నజ్రుల్‌నగర్ రైతులు కూరగాయలు పండించి మన మార్కెట్‌కు తెస్తారు. ఆనాడు తూర్పు పాకిస్తాన్ నుంచి కట్టుబట్టలతో వచ్చి ఈ నేలను సాగులోకి తెచ్చిన కుటుంబాలవి. వాళ్ల పంట మీద, మన పిల్లల కడుపు మీద ఎవరికీ అనుమానం రాకుండా ఉండాలంటే నీటి నాణ్యత ప్రతి నెలా పరీక్షించి, ఫలితం బోర్డు మీద రాసి పెట్టాలి.

సగం శుద్ధి చేసి పని అయిపోయిందనుకుంటే ఏమవుతుందో కోలార్ చూపించింది. కన్నడ దేశంలో ఉన్నా అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు వాడవాడలా ఉన్నారు. వెయ్యి అడుగులు దాటి తవ్వినా బోరుకు చుక్క దొరకని జిల్లా అది. 2018 జూన్‌లో బెంగళూరు మురుగును రెండో దశ దాకా శుద్ధి చేసి, రోజుకు 44 కోట్ల లీటర్లు కోలార్ చెరువులకు పంపే పథకం మొదలైంది. కొద్ది వారాల్లోనే లక్ష్మీసాగర చెరువులో తెల్లని నురుగు తేలింది. రైతులు కోర్టుకెక్కారు, హైకోర్టు ఆపింది, తర్వాత సుప్రీంకోర్టులో మళ్లీ దారి దొరికింది. చెరువులు నిండాయి, ఎండిన బోర్లలో నీళ్లు పైకొచ్చాయి. అదీ నిజమే. మూడో దశ శుద్ధి కూడా చేయాలని అక్కడి రైతులు అడుగుతూనే ఉన్నారు. అదీ న్యాయమే. మేం కోలార్ నుంచి నేర్చుకున్నది ఇది: నీరు వద్దనకూడదు, నాసిరకం నీరు ఒప్పుకోకూడదు. వడపోత, క్రిమిసంహారం ఉండే మూడో దశ మొదటి అంచనాలోనే ఉండాలి. తర్వాత చూద్దాం అన్నది మన దగ్గర ఎన్నడూ రాలేదు.

కొనేవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు

ఒకప్పటి కొత్తపేట కాగజ్‌నగర్ అయింది మిల్లు వల్ల. నిజాం కాలంలో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 1942లో కాగితం తీయడం మొదలుపెట్టింది. 2014 సెప్టెంబర్‌లో మూతపడి 2018లో తెరుచుకునేదాకా ఈ ఊరు ఎట్లా బతికిందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కిరాణా దుకాణం అరువు ఖాతా, ఖాళీ అయిన క్వార్టర్లు, చదువు ఆగిన పిల్లలు మనకు గుర్తున్నాయి. మిల్లు నడవాలి. ఇందులో రెండో మాట లేదు. మిల్లు నడవాలంటే నీరు కావాలి. కాగితం నీటితో తయారయ్యే వస్తువు, టన్నుకు వేల లీటర్లు పడుతుంది. ఎండకాలంలో వాగు సన్నబడ్డప్పుడు ఊరికీ మిల్లుకూ ఒకే పాయలో వాటా కోసం తగువు రాకూడదు. కూలింగ్ టవర్లకు, బూడిద తడపడానికి, కట్టె కడగడానికి, కాలనీ తోటలకు శుద్ధి చేసిన ఊరి నీరు హాయిగా సరిపోతుంది. మిల్లుకు కావాల్సిన సుబాబుల్, జామాయిల్ నర్సరీలకూ అంతే.

ఒక్క జాగ్రత్త. ఊరి మురుగు వేరు, పరిశ్రమ వ్యర్థజలం వేరు. రెండూ ఒకే కాలువలో కలిస్తే ఊరి ప్లాంటులో మురుగును తినే సూక్ష్మజీవులు చస్తాయి, రెండూ చెడతాయి. ఏ పరిశ్రమ నీటిని ఆ పరిశ్రమే తన గేటు లోపల శుద్ధి చేసుకోవాలి. ఈ గీత ఒప్పందంలో రాసుకోవాలి.

మున్సిపాలిటీ కూడా కొనుగోలుదారే. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం పట్టణ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. రోడ్డు మధ్య మొక్కలకు, పట్టణ ప్రకృతి వనాలకు, నర్సరీకి ట్యాంకర్లతో పోసే నీటి ఖర్చు అందులోదే. ఆ పైసలతోనే శుద్ధి నీరు కొంటే, ట్యాంకర్ బోరు నీళ్లు బస్తీలకు మిగులుతాయి. మిల్లు వాళ్ల ఎస్పీఎం మైదానంలో పిల్లలు ఆడుకునే చోట దుమ్ము అణగడానికి, రోడ్ల పనులకు, ఇటుక బట్టీలకు, ఫైరింజన్‌కు ఇదే నీరు చాలు. మిగిలింది పత్తి చేన్లకు, మేత గడ్డికి ఇవ్వొచ్చు.

పైసలు ఎక్కడివి?

మున్సిపాలిటీ దగ్గర నిధులు లేవు అనే మాట మనకు అలవాటైపోయింది. కాబట్టి ఈ భాగం నిదానంగా చదవండి.

హైదరాబాద్‌లో 31 శుద్ధి కేంద్రాలు రోజుకు 125 కోట్ల 95 లక్షల లీటర్ల సామర్థ్యంతో మంజూరైనప్పుడు అంచనా వ్యయం 3,866 కోట్లు. అంటే రోజుకు 10 లక్షల లీటర్ల సామర్థ్యానికి దాదాపు 3 కోట్లు. పెరిగే జనాన్ని కలుపుకుని మనం 40 లక్షల లీటర్ల ప్లాంటు అడిగితే ఆ లెక్కన 12 కోట్ల పైన అవుతుంది. చిన్న ప్లాంటుకు లీటరు ఖర్చు ఎక్కువే పడుతుంది. మోరీలను మలిపి ప్లాంటుకు చేర్చే పైపులు, మూడో దశ శుద్ధి, కొనేవాళ్ల దాకా వేసే పైపు దానికి అదనం. పెద్ద మొత్తమే. అయినా ఒక పట్టణానికి అందనిది కాదు.

2021 అక్టోబర్ 1న కేంద్రం స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ రెండో దశ మొదలుపెట్టింది. లక్షలోపు జనాభా ఉన్న పట్టణాల మురుగునీటి శుద్ధికి అందులో ప్రత్యేకంగా చోటిచ్చింది. మన ఊరు సరిగ్గా ఆ కోవలోది. అలాంటి పట్టణాలకు కేంద్రం వాటా సగం. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు మన లాంటి పట్టణాలకు కేటాయించిన గ్రాంటులో 60 శాతం చెప్పిన పనులకే కట్టుబడిన నిధి. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికే వాడాలన్నది నిబంధన. పునర్వినియోగం అనే మాట కేంద్రమే రాసింది. ఈ నిధుల్లో కాగజ్‌నగర్‌కు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, మురుగునీటి శుద్ధికి ప్రాజెక్టు నివేదిక తయారైందా, తయారైతే ఏ బల్ల మీద ఉంది? ఇవి ప్రతి పౌరుడూ సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగగల ప్రశ్నలు.

కట్టడం కన్నా నడపడం కష్టం. ఇక్కడే ఊర్లు మోసపోతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క చూడండి. దేశంలో పట్టణాల మురుగు రోజుకు 7,236 కోట్ల లీటర్లు. శుద్ధి కేంద్రాల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు. నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లు. కట్టినవి కూడా పూర్తిగా నడవడం లేదు! రిబ్బను కత్తిరిస్తారు, ఫొటో దిగుతారు, రెండేళ్లకు మోటారు కాలిపోతుంది, కరెంటు బిల్లుకు పైసలుండవు, ఆపరేటర్‌కు జీతం రాదు. మోరీ మళ్లీ వాగులోకే మళ్లుతుంది.

దీనికి మందు గంగా ప్రక్షాళనలో కనిపెట్టారు. హరిద్వార్, వారణాసిల్లో శుద్ధి కేంద్రాలు కట్టిన కంపెనీలకు నిర్మాణ సమయంలో ఖర్చులో 40 శాతమే ఇచ్చారు. మిగిలిన 60 శాతం, నడిపే ఖర్చుతో కలిపి, 15 ఏళ్ల పాటు వాయిదాల్లో ఇస్తారు. నీరు ప్రమాణం ప్రకారం శుద్ధి అయితేనే వాయిదా అందుతుంది. కట్టి పారిపోవడానికి వీల్లేదు. మన ప్లాంటుకూ ఇదే పద్ధతి కావాలి. టెండర్‌కు ముందే కొనేవాళ్లతో సంతకాలు కావాలి. రోజుకు 20 లక్షల లీటర్లు, వెయ్యి లీటర్లకు 10 రూపాయల చొప్పున అమ్మినా ఏడాదికి 73 లక్షలు వస్తాయి. ఆ పైసలు మున్సిపాలిటీ మామూలు ఖాతాలో కలిసిపోకుండా వేరే ఖాతాలో ఉండాలి. కరెంటు బిల్లుకు, ఆపరేటర్ల జీతాలకు, మోటార్ల మరమ్మతుకు తప్ప ఇంకో దానికి తీయకూడదు. నల్లా బిల్లు పెంచి పేద ఇంటి మీద ఈ భారం వేయడానికి మేం ఒప్పుకోం.

వాడుకునేవాడు ఖాయం కాకుండా కట్టిన ప్లాంటు తుప్పు పడుతుంది. కొనేవాడిని ముందు కూర్చోబెట్టి కట్టిన ప్లాంటును కొనేవాడే ఆగనివ్వడు, తన నీరు ఆగితే తన పని ఆగుతుంది కాబట్టి. మా డిమాండ్లన్నింటికీ ఇదే మూలం.

మోరీలో మనిషి దిగకూడదు

ఇంకొక్క మాట చెప్పకుండా ఈ కాగితం పూర్తి కాదు. మన మోరీలు తీసేది, మన సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసేది మన సఫాయి అన్నలు, అక్కలు. సెప్టిక్ ట్యాంకు బండ్లు చీకట్లో ఊరి చివర గుంతల్లో ఒంపేసి పోతే ఆ మలం వానకాలం తిరిగి మన బోర్లలోకే వస్తుంది. వరంగల్‌లో ఈ మలవ్యర్థాల కోసమే శుద్ధి కేంద్రం పెట్టారు. మన ప్లాంటులోనూ ఆ బండ్లు ఒంపే చోటు, ఎండబెట్టే మడులు ఉండాలి. మనుషులతో మలం ఎత్తించడం 2013 చట్టం ప్రకారం నేరం. అందుకే యంత్రాల ఖర్చు అంచనాలో ఉండాలి. ప్లాంటు ఉద్యోగాల్లో మొదటి హక్కు ఇప్పుడు ఆ మురికిలో పనిచేస్తున్న కుటుంబాల పిల్లలకు ఇవ్వాలి, శిక్షణ ఇచ్చి తీసుకోవాలి.

వాగుకు కింద మనుషులే కాదు, ఇతర ప్రాణాలూ ఉన్నాయి. పెద్దవాగు ప్రాణహితలో కలిసే వైపు బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట ఉంది. తెలుగు నేల మీద దాదాపు కనుమరుగైన రాబందులు 2013లో ఆ గుట్ట కొమ్ముల మీద గూళ్లలో కనిపించాయి. ఆ గుట్ట వైపు పారే వాగు నీరు మన ఊరి మీదుగా పోయే నీరే.

ఇవే మా డిమాండ్లు

మురుగునీటి శుద్ధి, పునర్వినియోగం మీద మున్సిపాలిటీ తీర్మానం చేయాలి. పైన చెప్పిన నిధుల లెక్క వార్డుల వారీగా నోటీసు బోర్డు మీద పెట్టాలి. మిల్లు యాజమాన్యం, ఉద్యానశాఖ, రైతులు, మున్సిపాలిటీ ఒకే బల్ల దగ్గర కూర్చుని నీటి కొనుగోలు ఒప్పందం ముసాయిదా రాయాలి. ఆ బల్ల దగ్గర కార్మికులకు, సఫాయి సిబ్బందికి, మహిళా సంఘాలకు కుర్చీలు వేయాలి. మూడో దశ శుద్ధి, 15 ఏళ్ల నిర్వహణ లేని ఏ టెండరూ మాకు వద్దు. ప్లాంటు స్థలం పేదల ఇళ్ల పక్కన కాకుండా, వరద మునగని చోట చూడాలి. ఆ స్థలం పేరు చెప్పి గుడిసెలు తొలగిస్తే ముందు మేమే అడ్డుకుంటాం.

వచ్చే సోమవారం ఆసిఫాబాద్ కలెక్టరేట్‌లో జనం దరఖాస్తులు తీసుకునే ప్రజావాణి. ఉదయం 8 గంటలకు కాగజ్‌నగర్ రైల్వే స్టేషన్ ముందు కలుద్దాం, అక్కడి నుంచి కలిసి పోదాం. ప్రతి గల్లీ నుంచి ఒక్క సీసాలో మీ మోరీ నీళ్లు పట్టుకుని రండి, మూత గట్టిగా బిగించి, గల్లీ పేరు రాసిన కాగితం అంటించి. పిల్లలను మోరీ దగ్గరికి పంపకండి, పెద్దవాళ్లే చేతికి కవరు తొడుక్కుని పట్టండి. దరఖాస్తు మేం రాసి తెస్తాం. సంతకం మీది కావాలి. చదువు రాని అవ్వలు వేలిముద్ర వేసినా అది సంతకమే. డ్యూటీలో ఉండే మిల్లు అన్నలు ఆదివారమే వార్డులో సంతకం చేసి పంపండి. వాగు అవతలి ఊళ్ల రైతులకు ఈ కాగితం చదివి వినిపించండి.

సోమవారం పొద్దున 8 గంటలకు స్టేషన్ ముందు మీ కోసం నిలబడి ఉంటాం. సీసా పట్టుకుని రండి.

— కాగజ్‌నగర్ పట్టణ పౌరులు